జాజు లేని గోడ

ఇంక ఆరలే. ఏ మూల ఆరింది, ఏ మూల ఆరలేదో చెప్పనీకె గూడ వస్తలేదు, ఒక కాడ తెల్లగ, ఒక కాడ బూడిద రంగు, కిటికి పక్కన ఐతె ఎవరో తడి చేతులు తుడుచుకున్నట్టు మరకలు మరకలు. సున్నం గంతే, తడిగున్నప్పుడు దాని అసలు రంగు చూపియ్యది, ఆరినంకనే తెల్లబడతది, ఆ సంగతి నాకు తెల్వదా, కెమిస్ట్రీల పీజీ చేసిన మనిషికి తెల్వకపోతె ఇంకెవలికి తెలుస్తది, గని తెలిసినా గడియకోసారి వేలు పెట్టి చూస్తనే ఉన్న. పొద్దుగాల నుంచి ముసురు. కరెంటు లేదు, ఫ్యాను లేదు. కౌసల్యమ్మ చిన్నమ్మ పటాన్‌చెరుల పూలు పండ్లు కొంటున్న, అయిపోంగనే వస్త అని ఫోన్ చేసింది. ఈ కొత్తిల్లు ఆమెదే, రేపు తెల్లారంగ గృహప్రవేశం. ఇగ కొద్దిసేపైతె వాకిట్ల ఆటో ఆగుతది, ఆమె లోపలికొచ్చి ఈ గోడలు చూస్తది, చూసి ఏదో ఒక మాట అంటది. ఆ ఒక్క మాట మీద నా బతుకున్నది. బాగుంది అంటె పై అర్రల పని గూడ నాకే, దీని ఎనుక ఇంకొకల ఇల్లు, దాని ఎనుక ఇంకొకల ఇల్లు. బాగలేదు అంటె సోమవారం పొద్దుగాల గడ్డపోతారం ఫ్యాక్టరీల దిక్కు పోయే బస్సు. నాయినకు మాటిచ్చిన, ఒక్క ఇల్లు చేసి చూపిస్త, మంది మెచ్చకపోతె నువ్వు చెప్పిన ల్యాబుల చేరుత అని. మాట ఇయ్యంగ నా తెలివి ఏడ వోయిందో, ఎందుకిచ్చిన్నో.

నాయినంటె ఎల్లయ్య, కర్దనూర్ల అందరికి ఎరుకే, ఒక మందుల కంపెనీల ఆపరేటర్‌గ చేసి చేసి ఇప్పుడు నాలుగు మెట్లెక్కితె ఆయాసపడతడు. ఈ ల్యాబు నౌకరి ఆయన పోయి మేనేజర్ తాన చేతులు కట్టుకొని నిలబడి అడిగింది. హర్షిణి ఫ్రాన్సుల సదివింది సార్, జెర సూడండి సార్ అని. నాకు ఆయన మీద కోపం లేదు. లేదంటె అబద్ధం, ఉన్నది, మస్తుంది, ఆయన ఊపిరి తిన్న దిక్కే నన్ను గూడ పంపుత అంటె కోపం రాదా. నా లెక్క రియాక్టర్ కాడ గాదు బిడ్డా, ఏసీల కూసుంటవు అంటడు. ఏసీల కూసోపెట్టి ఊపిరి తీస్తరని ఆయనకెట్ల చెప్పాలె. ఇగ మా ఊరోళ్ళైతె ఇంక సక్కగ అంటరు, ఎల్లయ్య బిడ్డ ఫ్రాన్సు పోయి గోడలకు సున్నం ఏసుడు నేర్సుకొచ్చింది అని, అని పండ్లికిలిస్తరు. అండ్ల అబద్ధం ఏమున్నది, నిజమే, గదే నేర్సుకొచ్చిన. సున్నపు గుల్ల డ్రమ్ముల ఏసి నీళ్ళు పోస్తె కుతకుత ఉడుకుతది, ఉడికినంక దాన్ని వారాలు నాననియ్యాలె, పల్చగ, బట్టల వడకట్టిన పాల లెక్క కలపాలె, ఒకదాని మీద ఒక పూత, తొందరపడొద్దు, గోడను తడిపి మళ్ళ పూత. తొందరపడొద్దు అని చెప్పిన మనిషి ముసురు దినాల గృహప్రవేశం పెట్టుకున్నోళ్ళ ఇంట్ల సున్నం ఎయ్యి అని మాత్రం చెప్పలే.

ఫ్రాన్సుల, లియోన్ పట్నంల, నేనున్న ఇల్లు ఆ మాట చెప్పినామెదే, మదాం ఒడీల్‌ది. డెబ్బై దాటిన ముసలామె, ఒక్కతే, మీది అర్ర స్టూడెంట్లకు కిరాయికిచ్చేది. మొదటి దినం ఆ ఇంట్ల అడుగుపెట్టి ఏమనుకున్ననో యాదికొస్తె ఇప్పటికి నవ్వొస్తది. పాపం, ఎంత గరీబోళ్ళో అనుకున్న. అల్మారా రంగు లేచిపోయి లోపలి కట్టె కనబడుతున్నది. అద్దం మీద నల్లటి మచ్చలు. కుర్చీ గుడ్డ ఎలిసిపోతె దాన్ని ఎలిసిపోయిన దారంతోనే కుట్టింది. కిటికి రెక్కల నీలం రంగు ఎండకు బూడిదబడ్డది. గోడలకు ఒట్టి సున్నం. నాకు జాలేసి మార్కెట్ల ప్లాస్టిక్ టేబుల్ గుడ్డ ఒకటి కొని తెచ్చిచ్చిన, మెరిసేది, పెద్ద పెద్ద గులాబీలది. ఆమె మెర్సీ అని థాంక్స్ చెప్పింది, నాలుగు మడతలు పెట్టింది, అది మళ్ళ బయటికి రాలే. నాకు అర్థమయ్యేసరికి చలికాలం వచ్చింది. ఆదివారం పాత సామాన్ల బజారుకు ఆమె ఎంబడి పోయినప్పుడు చూసిన, గట్ల రంగు లేచిన అల్మారా కోసమే మంది ఎగబడుతున్నరు. మనమైతె చుట్టాలొస్తున్నరంటె పాతదాని మీద కొత్త చద్దరు కప్పుతం. ఆమె చుట్టాలొస్తున్నరంటె ఉన్న చద్దరు తీసేది.

మంచి మనిషి అని చెప్పనీకె లేదు, చెడ్డదని చెప్పనీకె లేదు. నేను చింతపండు పులుసు కాసిన్నాడు, గడ్డకట్టే చలిల, కిటికీలన్ని బార్లా తెరిచి పెట్టేది, ఒక్క మాట అనకుండ. తిడితె బాగుండు. తిట్టకపోయేసరికి నేను ఉడికిపోయేదాన్ని, కోటేసుకొని ముక్కు తుడుచుకుంట పులుసన్నం తినేదాన్ని, కావాల్నని ఇంకింత ఎల్లిపాయ ఏసేదాన్ని. మా కాలేజి దాటి దక్షిణం దిక్కు పోతె ఫ్యాక్టరీలు, నా ట్రైనింగు ఆడనే, బస్సు ఆ దిక్కు మళ్ళిందో లేదో వాసన కొట్టేది, మురిగిన కోడిగుడ్లు, స్పిరిట్ కలిస్తె ఎట్లుంటదో గట్ల. మొదటిసారి ఆ వాసనొచ్చినప్పుడు బస్సులనే ఏడ్చిన. పక్కన కూసున్నామె ఒంట్లె బాగలేదా అని అడిగింది. బాగనే ఉన్నది తల్లీ, మా నాయిన అంగి వాసనొస్తున్నది అని ఏ బాసల చెప్పాలె. సముద్రాలు దాటి పోయి మళ్ళ గడ్డపోతారంల దిగిన. పొద్దంత కిటికి లేని ల్యాబుల గాజు సీసాలు పట్టుకొని, మాపటికి ఒడీల్ ముందటి అర్రల ఆ సున్నపు గోడలెదురుగ కూసుంటేనే నా ఊపిరి నాకు తిరిగొచ్చేది. ఇగ బతికితె గిసొంటి అర్రలు చేసుకుంట బతకాలె అని అప్పుడే అనుకున్న, ఎవలికి చెప్పలే.

వాన మళ్ళ పెరిగింది. లేశి గోడ ముట్టి చూసిన, సల్లగ తగిలింది, వేలికి తెల్లగ అంటుకున్నది. ఎడమ దిక్కు గోడ జెర నయం, తెల్లబడుతున్నది, పాల మీగడ రంగు, గదే, సరిగ్గ గదే రంగు. నిలువెత్తు కిటికి తలుపులకు పల్చటి బూడిద నీలం ఏపించిన, అవి ఆరినయి. పాత టేకు అల్మారా రంగు గీకిపించిన, దాని మీద చౌమహల్లా దిక్కు పాత సామాన్ల దుకాణంల దొరికిన గుండ్రటద్దం. తెల్ల నూలు తెరలు. గంతే, ఇంకేం లేదు. మేస్త్రి ఐతె లప్పం పెట్టకుండ గోడ ఇడిసిపెడతరా మేడమ్ అని నెత్తి కొట్టుకున్నడు. ఈ చుట్టుపక్కల భూములమ్ముకొని డూప్లెక్సులు కట్టినోళ్ళందరి ఇండ్లల్ల ఫాల్స్ సీలింగు, దానెనుక ఊదారంగు లైట్లు, టీవీ ఎనుక రాతి డిజైను స్టిక్కరు, బంగారు రంగు పూలు. కౌసల్యమ్మ చిన్నమ్మకు గూడ గవే చూపెట్టిన ముందుగాల, అవే అడుగుతదనుకొని. ఆమె ఫోను తిప్పుకుంట తిప్పుకుంట ఒడీల్ అర్ర ఫోటో కాడ ఆగింది. చాలసేపు చూసింది. గిట్ల కావాలె నాకు అన్నది. ఇండ్ల ఏం నచ్చింది చిన్నమ్మా అంటె, ఏం లేదు గద ఆ అర్రల, గందుకే అన్నది. నాకు నచ్చిందే ఆమెకు నచ్చిందనుకున్న, మా ఊర్ల గూడ చూసే కండ్లున్నయి అనుకొని సంబరపడ్డ, ఇంటికొచ్చి ఎగిరిన.

చిన్నమ్మ అంటె సొంత చిన్నమ్మ గాదు, ఊరి వరస. మల్లన్న కాక, ఆమె, ఒక్కడే కొడుకు నవీన్‌కుమార్. ఇప్పుడు కాక, ఆమె. వద్దు, ఇప్పుడు ఆ సంగతి వద్దు, గోడ చూడు హర్షిణి, గోడ ఆరుతున్నది, ఆరుతది. ఫ్యాక్టరీల లెక్క గంధకం బట్టీల్లేవు, ఆవిర్లు లేవు, ఒట్టి వాన గాలి, గాలిల ఉన్నదాన్ని పీల్చుకొని సున్నం మళ్ళ రాయైతది, ఎక్కడి రాయి అక్కడికి, ఒడీల్ గదే అనేది, ఏడాదికోసారి ఎండాకాలం ముందట పాత అంగీ ఏసుకొని తానే కుంచె పట్టేది, నాకూ ఒకటిచ్చేది. ఆ ఏడు ఇద్దరం కలిసి ఏసినం. ఆ గోడ ముందర నిలబడి నేను ఇంటికి వీడియో కాల్ చేసిన ఒకసారి, కాదు, ఇంటోళ్ళే నాకు చేసిండ్రు, నాయనమ్మ చచ్చిపోయిన పదకొండో దినం. నేను రానీకె కాలే, పరీక్షలు. నాయిన గుండుతోని కనబడ్డడు. చిన్నగై పోయిండు. ఆయన ఎనుక మా ఇంటి గోడ, అప్పుడే సున్నమేసింది, నున్నగ, తెల్లగ, ఒక్క మచ్చ లేకుండ. ఏడ్చుకుంటనే నేను ఫోను ఒడీల్ దిక్కు తిప్పి, చూడు మా ఇంట్ల గూడ ఇదే గోడ అన్న. ఎంత అందంగున్నది అన్నదామె. అవును, అందంగున్నది, కింద ఎర్ర జాజు పట్టి గూడ లేదు, పై నుంచి కింది దాక ఒక్కటే తెలుపు.

జాజు లేదు.

అయ్యో. అయ్యో నా తల్లీ. నేనేం చేసిన. జాజు లేదు, ఎందుకుంటది, దినాల సున్నానికి జాజు ఎవలన్న పెడతరా. పండుగకు ఏస్తె కింద మూరెడెత్తు ఎర్రగ జాజు పట్టి గీస్తరు, ఆ ఎర్రమన్ను మీద తెల్ల చుక్కలు పెడతరు, పెండ్లికైనా గంతే, కొత్తిల్లుకైనా గంతే. మనిషి పోయినప్పుడు మైల పోనీకె ఏసే సున్నం ఒక్కటే ఒట్టిగ ఏస్తరు, అందం కోసం గాదు, కడుక్కునుడు అది. చిన్నప్పటి నుంచి చూసిన. ఏ ఇంటి గోడ జాజు లేకుండ తెల్లగ కనబడ్డా అమ్మ నా చెయ్యి పట్టుకొని ఆ వాకిలి ముందర చప్పుడు చెయ్యకుండ నడిపిచ్చేది. గంత తెలిసినదాన్ని, రంగుల పేర్లు ఫ్రెంచిల చదువుకుంట కూసున్న, నా ఊరి రంగు మరిచిపోయిన. రేపు పంతులొస్తడు, ఆవును ఇంట్లకు తోలుతరు, పాలు పొంగిస్తరు, కర్దనూరంత వస్తది, వచ్చి నాలుగు దిక్కులా దినాల గోడలు చూస్తది. వేరే ఏ ఇంట్లనన్న చేస్తె తిట్టి పోతుండిరి. ఈ ఇంట్ల చేసిన.

నవీన్ పోయింది గూడ వానలప్పుడే. పాత ఇల్లు కూలగొట్టి ఈ ఇంటికి పిల్లర్లు లేపిండ్రు, స్లాబు పడ్డది, అప్పటిదాక బీరంగూడల కిరాయికుండె ముగ్గురు. ఒక కంపెనీల రాత్రి షిఫ్టుకు పోయిండు, రియాక్టరు పేలింది, పొద్దుగాల డబ్బాల వచ్చిండు, డబ్బా తెరవొద్దన్నరు. కిరాయి ఇంటాయన గేటుకు అడ్డం నిలబడ్డడు. పీనుగను లోపలికి రానియ్య, మీరు గూడ దినాలయ్యేదాక ఇంట్లకు రావద్దు అన్నడు. ఆయనొక్కడే గాదు, ఇల్లు కిరాయికిచ్చేటోళ్ళంత గట్లనే అంటరు, మా ఇంటికి మంచిది గాదు అంటరు. కొడుకును రోడ్డు మీద ఆటో ట్రాలీల ఉంచుకొని మల్లన్న కాక దండం పెట్టిండు ఆయనకు. నేను చూసిన, ఫ్రాన్సు పోకముందటి మాట. ఆఖరికి ఈడికి, ఈ పిల్లర్ల నడుమకు తెచ్చిండ్రు. ఈ హాలే. ఇనుప చువ్వలు బయటికి పొడుచుకొని ఉండె, నాలుగు దిక్కులకెల్లి జల్లు కొట్టుతుండె, టార్పాలిన్ కట్టి దినాలు చేసిండ్రు. నేను మందికి నీళ్ళందిచ్చిన. చిన్నమ్మ ఆ మూల పిల్లరుకు ఒరిగి కూసున్నది, ఏడ్వలే. ఏడ్వే కౌసల్యా, ఏడ్వు, లోపల పెట్టుకోకు అని ఆడోళ్ళు ఆమె చెంపలు కొట్టిండ్రు, భుజాలు పట్టి ఊపిండ్రు. ఏడ్వలే. నీళ్ళు ఇస్తె తాగింది, గ్లాసు నాకు తిరిగిచ్చింది. ఆ తర్వాత గూడ ఆమె ఏడ్వంగ ఎవలు చూడలే. గ తల్లి ఇంటికి నేను ఫ్రెంచి డెకరేషన్ అని చెప్పి దినాల సున్నం ఏసి పెట్టిన. వాడు లేకుండ రెండు వానాకాలాలు ఎల్లదీసి, ఇగ మంచి జరగాలె అని దీపం పట్టుకొని లోపలికొచ్చే మనిషికి.

వాకిట్ల తట్టల జాజు నానుతున్నది. పనికొచ్చే బక్కమ్మ రేపటికి అరుగులకు, గడపకు పూయనీకె పొద్దుగాల్నే నానబెట్టి పోయింది, దాన్ని దాటుకుంటనే నేను పది మాట్లు తిరిగిన, నా కండ్లకు ఆనలే. ఉరికి పోయి తట్ట లోపలికి తెచ్చిన. కుంచె ముంచిన. ఎర్రగ కారింది. గోడ తడిగున్నది, ఇప్పుడు పెడితె జాజు పైకి పాకుతది, తెలుపులకు ఎక్కుతది, గులాబీ రంగు మురికైతది, ఆ ప్లాస్టిక్ టేబుల్ గుడ్డ రంగు, ఇన్ని దినాల పని ఒక్క గీతతోని ఖతం. పెట్టకపోతె ఇంక ఖతం. పెడితె నా ఇల్లు పోతది, పెట్టకపోతె ఆమె ఇల్లు పోతది. పెట్టు. పెట్టవే. గడ్డపోతారం బస్సు కనబడుతున్నది, కిటికి లేని అర్ర కనబడుతున్నది, పోనీ పోత, నౌకరే గద, చచ్చిపోను గద, గని చిన్నమ్మ గుండె పగిలితె అది నా వల్లనే. గోడ కింద మోకాళ్ళ మీద కూసున్న. కుంచె గోడకు ఇంక బెత్తెడు దూరం ఉన్నది. ఆటో ఆగింది.

"ఏం వానో ఏమో, పూలన్ని నానిపాయె," అని కాక గొంతు. చిన్నమ్మ చెప్పులిడిసింది, గడప దాటింది. కుంచె నుంచి చుక్కలు కొత్త బండల మీద పడుతున్నయి, తుడవాలె అనుకున్న, తుడవలే. చిన్నమ్మ హాలు నడుమకొచ్చి ఆగింది. ముందటి గోడ చూసింది. పక్క గోడ చూసింది. మెల్లగ చుట్టూ తిరిగింది, కొంగు తడిసి నీళ్ళు కారుతున్నయి. ఏం అర్థమైందో ఆమె మొఖంల నాకు అగపడ్డది.

"దినాల సున్నం," అన్నది.

"చిన్నమ్మా, తప్పైంది చిన్నమ్మా, నాకు యాదికి లేకపాయె, ఇప్పుడే పెడుతున్న జాజు, చూడు, తట్ట తెచ్చిన, జెర సేపు ఆగు," నేనేం మాట్లాడుతున్ననో నాకే తెలుస్తలేదు. కుంచె గోడకానియ్యబోయిన. ఆమె వంగి నా మణికట్టు పట్టుకున్నది, గట్టిగ, నొప్పి లేసేటట్టు.

"ఆగు. పెట్టకు."

కాక పూల సంచులు పట్టుకొని లోపలికొచ్చి గోడలు చూసి ఆడనే నిలబడిపోయిండు. "ఏందే ఇది? ఏందిది హర్షిణీ? రేపు మందంత వస్తరు, శుభమా అని ఇంట్లకొస్తుంటె గిదేం గోడ? ఏమనుకుంటరు?" నేను నెత్తొంచుకున్న. తిట్టనీ, తిడితేనే నయం.

చిన్నమ్మ ఆయన దిక్కు చూడలే. పోయి ఆ మూల గోడ కాడ నిలబడ్డది, పిల్లరు దాని లోపలనే ఉన్నది ఇప్పుడు, కనబడది. రెండు చేతులు తడి సున్నం మీద పెట్టింది.

"వాని పదకొండో నాడు మనకు గోడ లేకుండె," అన్నది. "అందరి పిల్లలు పోతె ఇంటికి సున్నమేస్తరు. నా పిల్లగానికి ఎయ్యనీకె గోడే లేకపాయె. ఇయ్యాల ఉన్నది."

"కౌసల్యా, రేపు పంతులు..."

"పంతులు రేపొస్తడు. ఇయ్యాల మాపటిదాక ఇది వాని ఇల్లు." అని నా దిక్కు తిరిగింది. చేతులు రెండు తెల్లగైనయి. "రేపు పంతులు రాకముందే వచ్చి జాజు పెట్టు, సక్కగ పెట్టు బిడ్డా, చుక్కలు గూడ పెట్టు. మీది అర్రలకు గూడ నువ్వే ఎయ్యాలె. ఇప్పుడు మీరిద్దరు జెర బయటికి పోండి. తలుపు దగ్గరికెయ్యండి."

ఏసినం. వాకిట్ల అరుగు మీద కాక కూసున్నడు, పూల సంచులు ఒళ్ళె పెట్టుకొని, ఎందుకు పెట్టుకున్నడో ఆయనకే తెల్వదు. నేను గోడకానుకొని నిలబడ్డ. నవీనూ, అని ఒక్కసారి ఇనబడ్డది లోపల్నుంచి, మనిషిని భోజనానికి పిలిచినట్టు మామూలుగ. మళ్ళ పిలిచింది, జెర గట్టిగ. మూడోసారి పిలిచినప్పుడు అది పిలుపు గాదు. కాక సంచుల మీద మొఖం పెట్టిండు. ఆ ఏడుపు ఎట్లున్నదో నేను చెప్పలేను, నాకు చెవులు మూసుకోబుద్ధైంది, మూసుకోలే. జేబుల ఫోన్ మోగింది, నాయిన.

"ఏమాయె బిడ్డా? ఏమన్నది?"

"సోమవారం నేను రాను నాయినా," అన్న.

"మెచ్చిందా?"

"మెచ్చిందో లేదో నాకు తెల్వదు. మీది అర్రలు గూడ నన్నే చెయ్యమన్నది."

"మరి ఏడుస్తున్నవెందుకే?"

"నేను గాదు నాయినా. కౌసల్యమ్మ చిన్నమ్మ."

ఫోన్ల ఆయన ఊపిరి ఎగబోసుకునే చప్పుడు ఇనబడ్డది. "కౌసల్య ఏడుస్తున్నదా," అన్నడు, "నిజంగనా," అన్నడు. అవునన్న. "ఐతె నువ్వు మాట్లాడకు బిడ్డా, ఏడ్వనియ్యి," అని ఫోన్ పెట్టేసిండు.